పన్నెండు మీద నిలవని ముల్లు

ఆర్మూర్,
ఫిబ్రవరి 9, ఆదివారం.
పొద్దున మంచు. ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదిలేసి, చేతులు కడుక్కుని ఇది రాయడానికి కూర్చున్నాను.

సర్వీస్ మేనేజర్ దినకర్ గారికి,

ముందుగా నమస్కారం. కోపం కింది పేరాల్లో ఉంది.

నా పేరు దేవన్న. పద్నాలుగు నెలల కింద మీ దగ్గరే డీజిల్ పికప్ కొన్నాను. వేల్పూర్, దొంకేశ్వర్, జక్రాన్‌పల్లి రైతుల పసుపు బస్తాలను నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరుస్తాను. మా ఆర్మూర్ కమీషన్ వ్యాపారి రామకిష్టయ్య సేటు ఈ సీజన్ లోడ్లన్నీ నా బండికే ఇచ్చారు. పొద్దున వేలం మొదలయ్యేలోపు బస్తాలు యార్డులో దిగాలి. దిగకపోతే రైతుకు ఆ రోజు పోయినట్టే.

ట్యాంకులోంచి డీజిల్‌ను లాగి ఇంజిన్‌కు అందించే చిన్న పంపును లిఫ్ట్ పంపు అంటారు. మీ సూపర్‌వైజర్‌కు తెలియకపోవచ్చని రాస్తున్నాను. జనవరిలో అది చెడిపోయిందని చెప్పి మీరే మార్చారు. అప్పుడే నేనొక ప్రెషర్ గేజ్ కొని, ఫిల్టర్ దాటిన చోట పైపుకు కలిపి, డ్యాష్‌బోర్డు మీద బిగించాను. ఎవరూ నేర్పలేదు. పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. డీజిల్ సరిగ్గా అందుతుంటే గేజ్ ముల్లు పన్నెండు మీద ఉంటుంది. ఎనిమిదికి దిగితే బండి ఎత్తు ఎక్కదు. అయిదు కంటే కిందికి దిగితే ఆగిపోతుంది. రోజుకు మూడుసార్లు చూసి నోటుబుక్కులో రాస్తాను.

కొత్త పంపు వేసి నెల తిరగలేదు. నిన్న జక్రాన్‌పల్లిలో ఇరవై రెండు బస్తాలు ఎత్తుకుని హైవే ఎక్కాను. ముల్లు నాలుగుకు దిగింది, బండి ఆగింది. వేలం అయిపోయాక యార్డుకు చేరాను. రైతు బస్తాలకు కాపలాగా రాత్రి యార్డులోనే పడుకున్నాడు. అదే కష్టంగా ఉంది.

మీ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే, "గేజ్ పెట్టుకున్నోళ్లకే గీ రోగాలన్ని వస్తయన్నా. తీసేయ్, నిమ్మలంగ ఉంటది" అన్నాడు. నేను ఫోన్‌లో ఎక్కువ మాట్లాడలేను. ఎదురుగా అయినా అంతే. మీ గోడ మీద "ఫిర్యాదులు రాతపూర్వకంగా ఇవ్వవలెను" అని బోర్డు ఉంది. నా కోసమే పెట్టినట్టుంది.

జవాబు కోసం చూసే
దేవన్న

తా.క.: మీ హెల్ప్‌లైన్‌కు కూడా చేశాను. తెలుగు కావాలంటే రెండు నొక్కమంది. కొత్త బండి కావాలంటే ఒకటి నొక్కమంది. ఉన్న బండి ఆగిపోయినవాళ్లు ఏం నొక్కాలో చివరిదాకా చెప్పలేదు.


నిజామాబాద్,
ఫిబ్రవరి 13.

విలువైన వినియోగదారులు దేవన్న గారికి,

మా సర్వీస్ కుటుంబం తరఫున శుభాకాంక్షలు.

వారంటీ బండ్లను బుధవారం చూస్తాం కనుక నిన్న మీ బండిని పరీక్షించాం. మా గేజ్ పన్నెండు చూపించింది. మీ గేజ్ కూడా పన్నెండే చూపించింది. దీన్నిబట్టి మీ గేజ్ నమ్మదగినది కాదని తేలింది. కంపెనీ ఆమోదం లేని పరికరం అమర్చినందువల్ల మీ వారంటీకి ఇబ్బంది కలగవచ్చు. దయచేసి తొలగించండి.

మరొక విషయం. డీజిల్ ట్యాంకు పైరేకు లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఎక్కడో రాయికి తగిలించి ఉంటారు. జాగ్రత్తగా నడపగలరు.

మీ సంతృప్తే మా ఇంధనం,
దినకర్, సర్వీస్ మేనేజర్

తా.క. (చేత్తో): ఆర్మూర్ పసుపు బాగుంటుందని మా ఇంట్లో అంటున్నారు. వచ్చేటప్పుడు అరకిలో తెండి.


ఆర్మూర్,
ఫిబ్రవరి 16, ఆదివారం.
మంచు పోయింది, ఎండ మొదలైంది. బ్యాటరీ టెర్మినళ్లు గీకి వాజిలిన్ రాశాను.

మేనేజర్ గారికి,

ఈసారి నమస్కారం చిన్నది.

రెండు గేజ్‌లూ ఒకే అంకె చూపిస్తే నాది తప్పెలా అవుతుందో రెండు రోజులు ఆలోచించాను. తేలలేదు. తూకంలో తేడా ఉందని రైతు అంటే కాంటాను తీసి దాచిపెట్టే వ్యాపారిని నేనింతవరకు చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాను.

ట్యాంకు పైరేకు సంగతి. అది బండి బాడీ కింద, చాసిస్ పక్కన ఉంటుంది. దాని పైభాగానికి తగలాలంటే రాయికి రెక్కలుండాలి. మా దొంకేశ్వర్ రోడ్డు బాగా లేదు, కానీ అంతగా కాదు.

నా నోటుబుక్కులో ఒక వరస కనిపిస్తోంది. మంగళ, బుధ, గురువారాల్లో ముల్లు పన్నెండు దగ్గర కదలదు. శుక్రవారం నుంచి దిగడం మొదలు. మొన్న శుక్రవారం సాయంత్రం తొమ్మిది. శనివారం అయిదు. బంకులో డీజిల్ పోయించగానే మళ్లీ పన్నెండు. ముప్పై కిలోమీటర్లు పోయేసరికి ఏడు. సోమవారం దాకా ఇదే గోల. మీరు బుధవారమే చూస్తానంటే రోగం దొరకదు. శనివారం చూడండి.

రామకిష్టయ్య సేటు నిన్న పిలిపించి కుర్చీ చూపించారు. ఆయన కూర్చోమన్నారంటే మంచి కబురు కాదు. ఇంకొక్కసారి ఆలస్యమైతే నడిపయ్య బండి మాట్లాడుకుంటానన్నారు. నడిపయ్యది మా ఊరే, నాలాగే డ్రైవరు. పోయిన నెల కొత్త పికప్ కొన్నాడు. దొంకేశ్వర్ రైతులతో నాకు పాత బండి రోజుల నుంచి తొమ్మిదేళ్ల నమ్మకం. మీ పంపు మూలంగా అది పోయేలా ఉంది.

గేజ్ తీయని
దేవన్న

తా.క.: అరకిలో పసుపు ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. నా కాంటా మీద అయిదు వందల గ్రాములుంది. మీ కాంటా కూడా అయిదు వందలే చూపిస్తే నాది తప్పని రాయకండి.


నిజామాబాద్,
ఫిబ్రవరి 20.

దేవన్న గారికి,

ఓర్పుతో రాస్తున్నాను.

మీ మీద గౌరవంతో నిన్న పంపును రెండోసారి మార్చాం. ఇది వారంటీ నిబంధన కాదు, మా మంచితనం. ఇక వారాల విషయం. పంపుకు శుక్రవారం తెలియదు. క్యాలెండర్ చూసే భాగాన్ని కంపెనీ అందులో అమర్చలేదు. శనివారం మా మెకానిక్‌లు ఒంటిపూటే ఉంటారు, కాబట్టి ఆ రోజు చూడలేం.

మా అనుమానం ఏమిటంటే, మీరు ట్యాంకులో డీజిల్ తక్కువ ఉంచి నడుపుతున్నారు. అందువల్ల పంపు గాలి పీలుస్తోంది. ఇకమీదట ట్యాంకు నిండా పోయించండి. సమస్య ఉండదు.

ఓర్పు మిగిలే ఉన్న,
దినకర్

తా.క.: పసుపు అందింది. మా కాంటా మీద నాలుగు వందల తొంభై ఆరు గ్రాములుంది. మీ పరికరాల సంగతి ఇప్పటికైనా అర్థమై ఉంటుంది.

ఇంకో తా.క.: శుక్రవారం మీద మీకంత పట్టింపు ఉంటే, ఆ రోజు బండికి పూజ కాస్త గట్టిగా చేయించండి. ఇది కంపెనీ సలహా కాదు, నా సొంతం.


ఆర్మూర్,
మార్చి 2, ఆదివారం.
పొద్దున పది గంటలకే సెగ. ఫ్యాన్ బెల్టు బిగించాను. వేరే పని లేదు. ఎందుకు లేదో కింద చదవండి.

మేనేజర్‌కు,

నమస్కారం రాయడం మరిచిపోలేదు. కావాలనే రాయలేదు.

మీ సలహా ప్రకారం మొన్న శుక్రవారం తెల్లవారగానే బంకుకు పోయి ట్యాంకు నిండా డీజిల్ పోయించాను. ఇంటికి వచ్చాక, మీ రెండో సలహా ప్రకారం, మా ఇంటావిడ నీలవ్వ బండికి పూజ చేసింది. తర్వాత వేల్పూర్ పోయి ఇరవై నాలుగు బస్తాలు ఎత్తాను. నా లెక్క చూడండి. ఇల్లు దాటగానే పన్నెండు. వేల్పూర్‌లో తొమ్మిది. తిరిగి ఆర్మూర్ పొలిమేరలో మూడు. బండి ఆగింది. ఇదివరకు ఆగడానికి రోజున్నర పట్టేది. మీ సలహా విన్నాక గంటలో ఆగింది. ట్యాంకు నిండుగా ఉన్నకొద్దీ త్వరగా ఆగుతోంది. ఇది ఏ శాస్త్రమో మీరు చెప్పాలి.

రామకిష్టయ్య సేటు ఈసారి కుర్చీ కూడా చూపించలేదు. "దేవన్నా, నీ పుస్తకంల ఎంత మంచిగ రాసుకున్నా ఏం లాభం. సరుకు యార్డుల దిగితెనే రైతు నన్ను నమ్ముతడు. రేపటి నుంచి నడిపయ్య బండి పెడుతున్న" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. నేను మాట అనవలసినవాళ్లు నిజామాబాద్‌లో ఉన్నారు.

తొమ్మిదేళ్లలో మొదటిసారి సీజన్ మధ్యలో బండి ఇంటి ముందు నిలబడి ఉంది. నలభై ఒక్క రోజుల కొలతలు కాపీ తీసి జత చేశాను. వారం రోజుల్లో సరైన జవాబు రాకపోతే వీటిని వినియోగదారుల ఫోరంలో ఇస్తాను. అక్కడ మాట్లాడాల్సి వస్తుందట. అయినా పోతాను.

మీ రెండు సలహాలూ పాటించి చెడిన
దేవన్న

తా.క.: పూజకు రెండు కొబ్బరికాయలు కొట్టాం. ఒకటి కుళ్లింది. అది కూడా మా గేజ్ వల్లేనా, రాసి పంపండి.


నిజామాబాద్,
మార్చి 5.

దేవన్న గారికి,

ఓర్పు అయిపోయింది.

మీ నలభై ఒక్క రోజుల కొలతలు మా హెడ్డాఫీసుకు పంపాను. ఇంత శుభ్రంగా రాసిన ఇంజనీరు ఎవరని అడిగారు. అక్కడ నాకు మాట పడింది. ఆ తర్వాత మీ బండి నుంచి తీసిన రెండు పంపులనూ విప్పి చూసి, రెండూ నిక్షేపంగా ఉన్నాయని రాశారు. బాగున్న పంపులను ఎందుకు మార్చావని అడుగుతున్నారు. అక్కడ ఇంకో మాట పడింది.

బాగున్న పంపు బుధవారం బాగుండి శనివారం ఆగదు. కాబట్టి మీరే శుక్రవారం నాడు పంపు వైరు వదులు చేస్తున్నారని మా అనుమానం. పన్నెండో తేదీ బుధవారం హైదరాబాద్ ఇంజనీరు వస్తున్నారు. ఆయన ఎదుట బండిని, నోటుబుక్కును, మీ వివరణను హాజరుపరచండి.

ఇట్లు,
దినకర్

తా.క.: కొబ్బరికాయకు వారంటీ లేదు.


ఆర్మూర్,
మార్చి 8, శనివారం.
ఎండ. ఏం పని చేశానో రాయడానికే ఈ ఉత్తరం.

దినకర్ గారికి,

నమస్కారం. వెనకటి ఉత్తరంలోది కూడా కలిపి రెండు.

వైరు వదులు చేస్తున్నానని రాశారు. చదివి ఆ రోజు అన్నం తినలేదు. నా బండిని నేనే ఆపుకుని రైతు సరుకును ఎండలో పెడతానా. ఫోరానికి పోదామని నిన్న పొద్దున బయలుదేరాను. దారిలో బంకులో ఆగాను. అక్కడ డీజిల్ పోసే సురేశ్ నాకు తొమ్మిదేళ్లుగా తెలుసు. అంటే ముఖం తెలుసు. అతను ట్యాంకు మూత తిప్పాడు. బుస్సుమని పెద్ద శబ్దం వచ్చింది. నేనెప్పుడూ క్యాబిన్‌లో కూర్చుని గేజ్ చూస్తుంటాను కనుక అది వినలేదు. నిన్న కోపంలో కిందికి దిగి నిలబడ్డాను.

అదేమిటని అడిగాను.

"రెండు నెలల సంది గంతేనే అన్నా. మూత తీస్తె బుస్సుమంటది. నీ బండి గద, నీ లెక్కనే లోపల కోపం పెట్టుకుంటదనుకున్న" అన్నాడు.

మరి చెప్పలేదేమన్నాను.

"నువ్వు ఏనాడన్న మాట్లాడినవా? పైసలిచ్చి పోతవ్."

మూత చేతిలోకి తీసుకున్నాను. మూతలో సూది మొనంత బెజ్జం ఉంటుంది. ట్యాంకులోంచి డీజిల్ పోయినకొద్దీ ఆ బెజ్జంలోంచి గాలి లోపలికి రావాలి. రాకపోతే లోపల బిగబట్టుకుంటుంది. పంపు ఎంత లాగినా డీజిల్ రాదు. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ కనుక ఇంకా త్వరగా బిగుస్తుంది. పైరేకు లోపలికి నొక్కుకుపోయింది అందుకే. రాయి లేదు. ఆ బెజ్జం నిండా పసుపు ఉంది. గట్టిపడిన పసుపు ముద్ద.

ఇంటికి వచ్చి నీలవ్వను అడిగాను. ప్రతి శుక్రవారం నేను స్నానం చేస్తున్నప్పుడు బండికి బొట్టు పెడుతుందట. "పంపుకు పానం బాగలేదంటివి. డీజిల్ తాగేది ఆ నోట్లకెల్లి గద. నోటికి పెట్టిన. మొదలు చిటికెడు పెట్టిన, తగ్గలే. మేనేజర్ సారు గట్టిగ చెయ్యుమన్నడంటివి, పిడికెడు పెట్టిన" అంది. మంగళవారానికి అది ఎండి, బండి కుదుపులకు పెచ్చులూడిపోతుంది, బెజ్జం తెరుచుకుంటుంది. ఈ వారం బండి కదల్లేదు కనుక రాలలేదు. బుధవారం మీరు చూస్తారు. పన్నెండు.

నీలవ్వను నేనేమీ అనలేదు. అనడానికి ఆమె నాకు సందివ్వలేదు. బండి బాగుండాలని చేస్తే తప్పెట్లయితది, బెజ్జం ఉందని నాకెప్పుడన్న చెప్పినవా అని అడిగింది. చెప్పలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. మీ పంపులు మంచివి.

కానీ ఒక మాట. జనవరి నుంచి మూడు బుధవారాలు బండిని పైకెత్తి చూసిన మీ మెకానిక్‌లలో ఒక్కడైనా ఆ మూత వైపు చూసి ఉంటే నా లోడ్లు నాకుండేవి. ఈ కోపం మాత్రం వెనక్కి తీసుకోవడం లేదు.

సిగ్గుతో, కొంచెం కోపంతో,
దేవన్న

తా.క.: నీలవ్వ ఇప్పుడు పసుపు గేజ్ అద్దానికి పెడతానంటోంది. ముల్లు కనిపించేంత చోటు వదలాలని బతిమాలుతున్నాను.


నిజామాబాద్,
మార్చి 11.

దేవన్న గారికి,

లెటర్‌హెడ్ మీద రాయడం లేదు. ఎందుకో చూడండి.

మీ ఉత్తరం నిలబడే చదివాను. చదివాక మా షోరూం వెనక్కి పోయాను. డెలివరీకి సిద్ధంగా ఎనిమిది కొత్త పికప్‌లు ఉన్నాయి. ఎనిమిదింటి ట్యాంకు మూతల మీద పసుపు, దాని మీద కుంకుమ. తాళం చేతులిచ్చే దివ్యశ్రీ మేడమ్‌ను పిలిచి అడిగాను. నాలుగేళ్లుగా ప్రతి కొత్త బండికీ, సంక్రాంతికి సర్వీసుకొచ్చిన పాత బండ్లకూ ఆమే పెడుతోందట. మూత మీదే ఎందుకంటే, ఫోటోలో బాగా పడుతుందంది. మీ మొదటి పంపు జనవరిలో ఎందుకు ఆగిందో మీరే ఊహించుకోండి. మీ ఇంటావిడ మేం మొదలుపెట్టిన పనే కొనసాగించారు.

ఈ నాలుగేళ్లలో మా బ్రాంచి అరవై మూడు పంపులు మార్చింది. అంత త్వరగా మార్చినందుకు పోయినేడు హెడ్డాఫీసు షీల్డు ఇచ్చింది. అది నా టేబుల్ మీదే ఉంది. బోర్లించి ఈ ఉత్తరం రాస్తున్నాను. హైదరాబాద్ ఇంజనీరును రావద్దన్నాను.

ఈ రెండు నెలల్లో బండ్లు తీసుకున్నవాళ్లందరికీ ఫోన్ చేసి మూత కడగమని చెబుతున్నాం. ఒక్కరు ఎత్తడం లేదు. మీ ఆర్మూర్ నడిపయ్య. మీరు ఎదురుపడితే చెప్పగలరా. మీకు అది ఎంత కష్టమో తెలిసే అడుగుతున్నాను.

మీ,
దినకర్

తా.క.: ఆ నాలుగు గ్రాముల తేడా మా కాంటాదే. పక్కింటి కాంటా మీద అయిదు వందలు వచ్చింది. ఇరవై రోజులుగా చెప్పాలనుకుంటున్నాను.


దొంకేశ్వర్,
మార్చి 13, గురువారం.
మబ్బు లేదు, పసుపు ఆరబెట్టేవాళ్లకు మంచి ఎండ. సీటు కింద పాత గోనె తీసి కొత్తది వేశాను.

దినకర్ గారికి,

పూర్తి నమస్కారం.

మీ ఉత్తరం నిన్న అందింది. జేబులో పెట్టుకుని రామకిష్టయ్య సేటు దుకాణానికి నడిచాను. పది నిమిషాల దారి. ఆ పది నిమిషాలూ ఒకటే ఆలోచన. నేను నోరు తెరవకపోతే ఇవాళో రేపో నడిపయ్య బండి ఆగుతుంది. లోడ్లు నా దగ్గరికి వస్తాయి. నోరు తెరవకపోవడం నాకు చేతకాని పని కూడా కాదు. ఆ ఆలోచన నాకు బాగా నచ్చింది. అంత నచ్చింది కాబట్టే దాన్ని నమ్మలేదు. డీజిల్ అందకుండా తిరుగుతూ పోతే ఏ పంపైనా చివరికి లోపల అరిగిపోతుంది. పంపు నడిపయ్యదైనా పంపే. పైగా బస్తాలు దొంకేశ్వర్‌వి.

దుకాణం ముందు నడిపయ్య బస్తాలు ఎక్కిస్తున్నాడు. దగ్గరికి పోయి నాలుగు వాక్యాలు చెప్పాను. మూత, బెజ్జం, పసుపు, కడుక్కో. అక్కడ నేనొకేసారి ఇన్ని మాటలు మాట్లాడడం ఎవరూ వినలేదు కనుక హమాలీలు కూడా ఆగి చూశారు.

నడిపయ్య నవ్వాడు. "గది నాకెరుకే దేవన్నా. షోరూం కెళ్లి తెచ్చిన్నాడే కడుక్కున్న" అన్నాడు. ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. "నీ బండి మూత సుత గట్లనే మూసుకపోయింది, ఫిబ్రవరిలనే జూసిన. యార్డు లైన్ల నీ ఎనకనే ఉంటి గద."

ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తె లోడ్లు నాకెట్లొస్తయి?"

లోపల గద్దె మీద రామకిష్టయ్య సేటు ఉన్నారు. ఆయన బయటికి వచ్చి నాకు కుర్చీ చూపించలేదు, నడిపయ్యకు చూపించారు. "రైతుల పసుపు మూడు దినాలు వేలం తప్పింది. నువ్వు లైన్ల నిలబడి తమాష జూసినవ్" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. ఎక్కించిన బస్తాలు దింపమని హమాలీలకు సైగ చేశారు. నాతో, "రేపు దొంకేశ్వర్ పో" అని మాత్రం అన్నారు.

నడిపయ్యను అనవలసినవి అయిదు వాక్యాలు నా దగ్గర తయారుగా ఉండె. అక్కడ ఒక్కటీ రాలేదు. మీకు రాసి రాసి, ఉత్తరంలో తప్ప నాకు కోపం రాకుండా అయింది. అందుకని మీకే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. నడిపయ్యా, నువ్వు మనిషివేనా. నెల రోజులు నా వెనక నిలబడి నా బండి మూత చూస్తూ బీడీ తాగినవా. నా మీద కోపముంటే నన్ను తిట్టు, రైతు నిన్నేం చేసిండు. ఇకనుంచి లైనులో నా ముందు నిలబడు, నీ మూత నేను చూస్తా. మిగిలిన అయిదోది ఉత్తరంలో రాయదగింది కాదు.

తేలికపడ్డ,
దేవన్న

తా.క.: ఇవాళ్టి కొలతలు. ఇంటి దగ్గర పన్నెండు. దొంకేశ్వర్ చేరేసరికి పన్నెండు. బస్తాలు ఎక్కుతున్నాయి, బానెట్ మీద పెట్టి రాస్తున్నాను. ఇరవై మూడు అయ్యాయి. రైతు ఇంకొకటి ఎక్కించమంటున్నాడు. వెనక ఎడమ టైరులో గాలి తగ్గింది, ఇక చాలని నోటితోనే చెప్పాలి, పోతున్నాను.